టీవీలోని ఆవిడ

మార్చి 9, ఆదివారం

ప్రియమైన అక్కయ్యకు,

తమ్ముడి నమస్కారాలు. బావగారికీ చెప్పు. ఇక్కడ మేమిద్దరం కులాసా. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని నవ్వకు, ఎడమచేత్తో రాస్తున్నాను. బస్సు స్టీరింగు తిప్పిన కుడిచేయి ఇంకా మొరాయిస్తూనే ఉంది.

నీమీద ఒక ఫిర్యాదు. పక్షవాతంతో మాటాపలుకూ లేకుండా పడున్న నన్ను ఇంటికి తెచ్చినప్పుడు, చూపు కూడా పోయిందేమో అన్నారు డాక్టరుగారు. నువ్వు మనసాగక, మంచానికెదురుగా టీవీ పెట్టించి, చూపులేనివాళ్ల కోసం తెరమీద జరిగేదంతా వివరించే గొంతును ఆన్ చేసి వెళ్లావు. మీ మరదలు ఫోనులో చెప్పే ఉంటుంది, నాకు చూపు పోలేదు! డాక్టరు వేలు తిప్పినప్పుడు కనుగుడ్లు కదపలేకపోయాను, అంతే.

ఇక నా అవస్థ విను. హీరో తలుపు తీస్తే, ‘అతను తలుపు తీశాడు’ అంటుందావిడ. కనపడుతోంది తల్లీ అని లోపలే అరిచేవాణ్ణి. పొద్దున లేస్తే అదే గొంతు. నాకు కాలక్షేపం అవుతోందనుకుని మీ మరదలు సౌండు ఇంకాస్త పెంచేది. రిమోటేమో కిటికీ గట్టుమీద, నా కళ్లెదుటే. నా ఒంట్లో నేనే ఖైదీని, పైగా కాపలాకి ఆవిడ!

ఎడమచేతి వేళ్లు ఆడటం మొదలయ్యాక ఒకరోజు, మీ మరదలు దుప్పటి సర్దుతూ రిమోటు నా పక్కన మరచిపోయింది. మెనూలోకి వెళ్లాను. కంగారులో ఏదో నొక్కితే సినిమా శబ్దం పోయి ఆవిడ గొంతొక్కటే మిగిలింది. సెట్టింగుల్లో ఆడియో, అందులో ఇంకా లోపల ‘వివరణ’ దొరికింది. ఆఫ్ చేశాను. పక్కనే సబ్‌టైటిల్స్ కనిపిస్తే ఆన్ చేశాను.

టీవీ పాడైందా అంటూ మీ మరదలు వంటింట్లోంచి పరుగున వచ్చింది. తెరమీద అప్పుడే పడ్డ మాట ‘వెళ్లకు’. కూడబలుక్కుని పైకి చదివాను. తనతోనే అన్నాననుకుని నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ కాదనలేదు.

అప్పట్నుంచీ సబ్‌టైటిల్స్ చదువుతూ మాటలు కూడదీసుకుంటున్నాను. విలన్ డైలాగులు బాగా వస్తున్నాయి, జాగ్రత్త!

అంతా బాగుందిగానీ, నాకు చూపుందని తెలిసినప్పట్నుంచీ నువ్వు మా గుమ్మం తొక్కలేదు.

నీ తమ్ముడు,
మొండిఘటం

తా.క.: ఎందుకు రావట్లేదో నాకు తెలుసక్కా. నన్ను ఇంటికి తెచ్చిన పూట, ఏదైనా సంరక్షణ కేంద్రంలో చేర్చేద్దామా అని డాక్టరుగారు గుసగుసగా అడిగితే, నాకు వినపడకూడదని మాట్లాడకుండా సరేనన్నట్టు తలూపావు. మీ మరదలు నీ చెయ్యి గట్టిగా పట్టుకుని వద్దంది. అంతా చూశాను. నిజం చెప్పనా, ఆ పూట నేనూ నీ పక్షమే. నోరుంటే పంపేయమనే అందును. ఈ ముక్క మాత్రం మీ మరదలితో అనకు.