ముడి నిలవని జపమాల

గుడివాడ,
బుధవారం.

నాగాయలంకలో ఉన్న మా ఆయనకు,

కోపంగానే రాస్తున్నాను, ప్రేమ ఎక్కడికీ పోలేదు. ఫోన్ చేస్తే మీరు స్పీకర్‌లో పెడతారు, రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నవాళ్లంతా వింటారు. అందుకే మేత వ్యాన్ నడిపే మోషే అన్న చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

చేతికి పెట్టుకునే జపమాల చేసుకుంటున్నానని చెప్పాను కదా. పది పూసలు, ఒక పెద్ద పూస, ఒక సిలువ, అంతే. బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసే ఇంట్లో పుట్టినదాన్ని, ఇత్తడి తీగ ఇస్తే కళ్లు మూసుకుని అల్లేస్తాను. కానీ మీ ఇంట్లో లోహం తగిలితే నగ అంటారు, నగ పెడితే విశ్వాసి కాదంటారు. పెళ్లయిన వారానికే గాజులు తీశాను, చెవులవి తీశాను, ఒక్క మాట అనలేదు. అందుకే దారంతో మొదలుపెట్టాను, సిలువ కూడా కొబ్బరి చిప్ప అరగదీసి చేశాను. మీరు తెచ్చిచ్చిన నైలాన్ వల దారం ఉందే, దాన్ని తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. ముడి వేస్తే జారిపోతుంది. కొస కాలిస్తే ఉండకట్టి పూసలో దూరదు. విప్పడం, మళ్లీ ఎక్కించడం, ఇదే పని. మంగళవార్త జపం సగంలో తిట్లు నోటికొస్తున్నాయి, మరియతల్లి క్షమించాలి.

నిన్న మనింట్లో ప్రార్థన కూడిక. అందరూ మోకాళ్ల మీద కళ్లు మూసుకుని ఉన్నారు. చున్నీ కింద నా చేతికున్న ముడి అప్పుడే ఊడింది. పూసలు గచ్చు మీద టపటపా రాలి పాస్టరుగారి కాళ్ల దాకా దొర్లాయి. ఎవరూ కళ్లు తెరవలేదు, విననివాళ్లు మాత్రం లేరు. తర్వాత అత్తయ్య వాటిని ఏరి గిన్నెలో వేసి నా ముందు పెట్టి, "ఆదివారం బాప్తిస్మం పెట్టుకుని ఇవెందుకమ్మా?" అన్నారు.

నాకు రెండోసారి బాప్తిస్మం ఎందుకండీ? పసిపిల్లప్పుడు బందరు కతోలిక గుడిలో ఇచ్చారు, అది చాలు. పెళ్లికి ముందు మీరేమన్నారు? "నీ జపమాల నీదే, మా అమ్మతో మాట్లాడేశాను" అన్నారు. మాట్లాడి ఉంటే ఆవిడ నా వెంట ఇలా పడతారా? మీరొచ్చి నా ముందు ఆవిడకి చెప్పండి. రాకపోతే ఆదివారం పొద్దున్నే పుట్టింటికి బందరు బస్సెక్కుతాను. మళ్లీ ఎప్పుడొస్తానో నాకే తెలీదు.

మీ ప్రీతి


నాగాయలంక,
గురువారం.

ప్రీతీ,

అమ్మ మనసు కష్టపెట్టకు. నీళ్లలో ఒక్క మునకే కదా. మునిగేసెయ్, ఆ తర్వాత జపమాల బీరువాలో పెట్టుకుని నీ ఇష్టమొచ్చినప్పుడు చేసుకో. రొయ్యకి తెల్లమచ్చ తెగులు కనబడింది, ఇప్పుడు రాలేను. నేను చూసుకుంటాగా.

జాషువా


గుడివాడ,
శుక్రవారం.

జాషువా గారికి,

మీ "ఒక్క మునకే కదా" చదివిన కోపంలోనే వంటింట్లోకి వెళ్లాను. "నేను మునగను అత్తయ్యా. పెళ్లికి ముందే మీ అబ్బాయికి చెప్పాను, ఆయన మీకు చెప్పారు" అన్నాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టారు. "వాడు చెప్పింది వేరమ్మా. బాప్తిస్మం కావాలని పిల్లే అడుగుతోంది, పెళ్లవగానే ఇప్పిద్దాం అన్నాడు. నువ్వు మొహమాటపడుతున్నావేమోనని నేనే గుర్తుచేస్తూ వచ్చాను" అన్నారు.

నాకో మాట, ఆవిడకో మాట. ఒకే పొయ్యి దగ్గర ఇన్నాళ్లూ ఒకరినొకరు తప్పుపట్టుకుంటూ తిరిగాం, మీరు గట్టు మీద హాయిగా ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకీ వచ్చింది. పూసలతో ప్రార్థన చెయ్యడం ఆవిడకి ఇప్పటికీ నచ్చదు, ఆ మాట మొహం మీదే చెప్పారు. "అయినా అబద్ధం మీద ఇచ్చేది బాప్తిస్మం ఎలా అవుద్ది?" అని కూడా అన్నారు.

జపమాల పూర్తయింది. ఆ దారానికి జారడమే వచ్చు కదా, జారుముడే వేశాను. వేస్తున్నంతసేపూ రెండో కొస అత్తయ్య పట్టుకున్నారు. ఇప్పుడది ఏ చేతికైనా పడుతుంది.

నేను బందరు వెళ్లడం లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు బాప్తిస్మానికి కాలువ దగ్గర నా కోసం ఎదురుచూస్తారు. ఆయనకి జవాబు చెప్పాల్సింది నేను కాదు, అత్తయ్య కాదు. మీ చెరువు ఒక్కరోజు పక్క చెరువు చిన్నబాబు చూసుకుంటాడని మోషే అన్న చెప్పాడు. ఈ ఉత్తరంతో జపమాల పంపుతున్నాను. అది చేతికి పెట్టుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, మందిరంలో ముందు వరసలో కూర్చోండి. చేతికి అదేంటని అందరూ అడుగుతారు. లేచి నిలబడి, ఎవరికి ఏమేం చెప్పారో నలుగురి ముందూ చెప్పండి. అయ్యాక నాది నాకు ఇచ్చెయ్యండి.

రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. కింద తనూ సంతకం పెడతానన్నారు.

ప్రీతి
సత్యవతమ్మ