చదివింపుల పుస్తకం సాక్ష్యం

పటాన్‌చెరు, 10 జూన్ 2024

నాగేశ్వర్ సేటుకు లింగం నమస్కారాలు.

నా లేత్ షాపు మూతపడి, దివాలా తీశానని సంగారెడ్డి కోర్టులో ఐపీ పెట్టిన సంగతి మీకు తెలిసిందే. అప్పుల నుంచి విడుదల చేయమని అడిగితే మిగతా వాళ్లెవరూ అడ్డం రాలేదు. మీరొక్కరే నేను డబ్బు దాచానని అభ్యంతరం పెట్టారు. పదిహేనేళ్లు మీ దగ్గరే ఇనుము కొన్నవాణ్ణి, చాలా బాధపడ్డాను. విడుదల ఆర్డరు చూపిస్తే బొంతపల్లి బాలరాజ్ తన లేత్ మిషన్ కిరాయికి ఇస్తానన్నాడు. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

వకీలును పెట్టుకునే స్తోమత లేక నా కేసు నేనే వాదించుకుంటున్నాను. ఏం చెప్పినా ఎదుటి పార్టీకి రాసి పంపాలని కోర్టు గుమాస్తా అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. దాచిన డబ్బు ఎక్కడుందో తెలిస్తే దయచేసి నాకూ చెప్పండి.

ఇట్లు,
మీ ఎదుటి పార్టీ,
లింగం

తా.క.: రిజిస్టర్ పోస్టు ఖర్చు నా భార్య అరుణమ్మ పోపుల డబ్బాలోంచి ఇచ్చింది. దాన్ని దాచిన ఆస్తిలో రాయకండి.

జోగిపేట, 18 జూన్ 2024

లింగానికి నాగేశ్వర్ రాయునది.

నీ మూడు లక్షల బాకీ కన్నా నువ్వు ఆడిన నాటకం నాకు ఎక్కువ మంట పుట్టించింది. నువ్వు ఐపీ పెట్టిన మూడు నెలలకు మా అమ్మాయి భవ్యశ్రీ పెళ్లయింది. ఎవరెంత చదివించారో మైకులో చెబుతుంటే "పటాన్‌చెరు లింగం, పది వేల నూట పదహార్లు" అని నా చెవులతో విన్నాను. నా సొంత బావమరిది పెట్టింది అయిదు వందలు. చిల్లిగవ్వ లేదని కోర్టుకు చెప్పినవాడికి పది వేలు ఎక్కడివి? వాయిదా రోజు ఇదే చెబుతాను.

ఇట్లు,
నాగేశ్వర్

తా.క.: ఆ రోజు నువ్వు డబుల్ కా మీఠా మూడుసార్లు వేయించుకున్నావు. అది అభ్యంతరంలో రాయలేదు. నా మంచితనం గుర్తుపెట్టుకో.

పటాన్‌చెరు, 3 జూలై 2024

నాగేశ్వర్ సేటుకు లింగం మళ్లీ నమస్కారాలు.

నేను కవర్లో పెట్టింది నూట పదహార్లే. మైకు విని నేనూ ఉలిక్కిపడ్డాను. తప్పు చదివారని లేచి చెబుదామనుకునేలోపే చుట్టూ కూర్చున్నవాళ్లు నా వైపు గౌరవంగా చూశారు. ఐపీ పెట్టాక నన్ను ఎవరూ అలా చూడలేదు. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను. అంతవరకు నాదే తప్పు. మర్నాడే ఇద్దరు చేబదులు అడగడానికి ఇంటికొచ్చారు, శిక్ష కూడా పడ్డట్టే.

నిన్న కోర్టులో మిమ్మల్ని ప్రశ్నించమని జడ్జి మేడం అనేసరికి కంగారులో "సేటూ, తిన్నరా?" అని వచ్చేసింది నోట్లోంచి. కేసు సంగతి అడగమన్నారు మేడం. అప్పుడు గుర్తొచ్చి, చదివింపుల పుస్తకం తెప్పించమన్నాను. ఇరవయ్యో తేదీ వాయిదాకు మరిచిపోకుండా తెండి.

ఇట్లు,
లింగం

తా.క.: తిన్నారో లేదో మీరింకా చెప్పలేదు.

జోగిపేట, 15 జూలై 2024

లింగానికి నాగేశ్వర్ రాయునది.

పుస్తకం బీరువాలోంచి తీశాను. నీ పేరు పక్కన పది వేల నూట పదహార్లే ఉంది, నా భార్య లక్ష్మీకాంతం చేతిరాతలో. కవర్లు విప్పి, రాసి, మైకు దగ్గరకు పంపింది ఆమే. గెలిచానన్న సంబరంతో ఆమెకే చూపించాను. ఆమె తలెత్తలేదు.

"కవర్ల నూట పదహార్లే ఉండె. ఐపీ పెట్టిండని అందరు గుసగుసలాడుతుండ్రు. మైకుల గంతే చదివితే ఆయన పరువేం గావాలె? మన గల్లపెట్టెల నుంచి పది వేలు తీసి కలిపిన. ఇన్నేండ్ల దోస్తుకు గీ మాత్రం చెయ్యొద్దా?" అంది.

అంటే నువ్వు దాచావని నేను వెతుకుతున్న డబ్బు నా గల్లపెట్టెదే. సిగ్గుతో ఒకరోజంతా షాపు తెరవలేదు లింగం. ఇరవయ్యో తేదీన ఈ మాటలే జడ్జి మేడంకు చెప్పి అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. మిషన్ ఇంకెవరికీ ఇవ్వొద్దని బాలరాజ్‌కు ఫోన్ కూడా చేశాను. ఇనుము నా దగ్గరే కొను, నగదుకు మాత్రమే.

ఇంతటితో అయిపోతే బాగుండేది. పుస్తకంలో ఎంత ఉంటే అంత వాళ్లింట్లో శుభకార్యానికి తిరిగి పెట్టాలి కదా. మీ అబ్బాయి నరేష్ పెళ్లికి పది వేల నూట పదహార్లు పెట్టాల్సిందేనంటోంది లక్ష్మీకాంతం. "అవి మన పైసలే గదనే" అన్నాను. "పుస్తకంల లింగం పేరే ఉన్నది" అంది.

ఇట్లు,
నీ బాకీదారు,
నాగేశ్వర్

తా.క.: ఈ అప్పుకు ఐపీ పెట్టడం కుదరదని కూడా చెప్పింది. ఇంకో సంగతి. కోర్టులో నువ్వడిగిన రోజు నేను తినలేదు. ఇరవయ్యో తేదీన ఇద్దరికీ సరిపడా సద్ది కట్టిస్తాను, ఆర్డరయ్యాక కోర్టు బయట కూర్చుని తిందాం.