పేరు పెట్టి పిలవకూడని చోట

మన లంక నుంచి,
మంగళవారం

ప్రియమైన రూబీ అక్కకి,

వందనాలు. ఇవి అమ్మ చెప్పమన్నవి. నా తరఫున చెప్పేది ఒక్కటే, మీ నర్సింగ్ హాస్టల్ వార్డెన్‌కి మతి లేదు. పిల్లల ఫోన్లన్నీ బీరువాలో పడేసి తాళం వేస్తే గొప్ప నర్సులు తయారవుతారా? ఆవిడ పుణ్యమా అని నేను ఉత్తరాలు రాయడం నేర్చుకోవాల్సొచ్చింది. తప్పులుంటే నవ్వకు. పదో తరగతితో ఆపేసినవాణ్ణి, మిగతాదంతా నాకు నేనే నేర్చుకున్నాను.

నేను ఫోన్లో లైవ్ పెడుతున్నాను. "కొల్లేరు లైవ్" అని పేరు. షెడ్డులో చేపల పెట్టెలకి ఐసు కొట్టడం అయ్యాక మధ్యాహ్నం పూట నాన్న దోనె వేసుకుని కొల్లేట్లోకి పోతాను. కిక్కిస పొదలు, గుర్రపుడెక్క, గూడబాతులు, ఏది కనబడితే అది చూపిస్తూ మాట్లాడతాను. చూసేవాళ్ళు నలుగురు. అందులో ఒకడు మా షెడ్డువాడే, నన్ను తిట్టడానికే వస్తాడు. ఏలూరు నుంచి కార్లేసుకొచ్చి గట్టు మీద నిలబడేవాళ్ళకి మాత్రం వేలమంది! గూడబాతుని చూపించి కొంగ అన్నాడొకడు. వాడికి చప్పట్లు. ఇక్కడ పుట్టి, ఈ నీళ్ళు తాగి, ఈ దోమలచేత కుట్టించుకున్నవాడికి నలుగురు. ఒళ్ళు మండిపోతోందక్కా.

మొన్న వట్లూరులో ఇంజనీరింగ్ చదివే అభిరామ్ అని ఒకడు ఫొటోలు తీసుకోవడానికి వచ్చాడు. దోనెలో తిప్పినందుకు నాకొక కిటుకు చెప్పాడు. "బ్రో, లైవ్‌లోకి ఎవరొచ్చినా కింద పేరు పడుతుంది కదా, ఫలానావాళ్ళు చేరారు అని. ఆ పేరు పైకి చదువు. నమస్కారం పెట్టు. పేరు పెట్టి పిలిస్తే మనిషి కదలడు."

నిజమేననిపించింది. షెడ్డులో నన్నెవడూ పేరు పెట్టి పిలవడు. "ఒరేయ్ ఐసూ" అంటారు. ఎవరైనా "వెస్లీ గారూ" అంటే నేనూ రోజంతా అక్కడే నిలబడతాను.

ఇబ్బందల్లా మనవాళ్ళ పట్టింపు. నీళ్ళ మీద ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు కదా. ఎదురు దోనెలో సొంత తమ్ముడున్నా "ఓ" అనాలి తప్ప పేరెత్తకూడదు. ఎత్తితే, అదే పేరు గలవాళ్ళు నీళ్ళ అడుగున ఎవరైనా ఉంటే వాళ్ళు పలుకుతారట. అడుగున ఉన్నవాళ్ళకి ఫోన్లెక్కడివి? రేపట్నుంచి చదువుతాను.

నీ తమ్ముడు, నలుగురి అభిమాన నటుడు,
వెస్లీ


ఏలూరు,
శుక్రవారం

ప్రియమైన నటుడు గారికి,

నీ ఉత్తరం వార్డు మెట్ల మీద కూర్చుని చదివి నవ్వాను. "నాన్న దోనె" అన్న చోట నవ్వు ఆగిపోయింది.

ఆ దోనె ఎందుకు తీశావురా? ఆ వరదల్లో వలలు తెచ్చుకుంటానని నాన్న దాంట్లోనే వెళ్ళాడు. అది ఒక్కటే తిరిగొచ్చి గట్టుకి ఆనుకుంది. మనిషి ఆనవాలు లేదు. తాసిల్దారు ఆఫీసువాళ్ళొచ్చి "గల్లంతు" అన్నారు. అమ్మ ఆ ఒక్క మాట పట్టుకుని ఇప్పటిదాకా కూర్చుంది. "గల్లంతంటే పోయారని కాదు కదే, కనబడలేదనేగా" అని నాతోనే అంది. జ్ఞాపకార్థ కూడిక పెడదామమ్మా అని పాస్టర్ గారు అడిగితే, "ఆయనొచ్చి ఏమంటారండీ? బతికుండగానే కూడిక పెట్టేశావేంటే అని నవ్వరూ?" అంది. నువ్వూ విన్నావు.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు అమ్మ కనురెప్ప లాగి చూశాను. సున్నంలా ఉంది. ఒంట్లో రక్తం లేదు. ఏలూరు తీసుకొచ్చి చూపిస్తానంటే ఇల్లు కదలనంది. తను లేనప్పుడు నాన్నొస్తే తాళం చూసి వెనక్కి పోతాడట. ఇలా ఇంకొన్నాళ్ళు సాగితే మనకి అమ్మ కూడా ఉండదు. నువ్వు లైవులు పెట్టుకో, గంతులెయ్యి, ముందు ఆవిణ్ణి ఒప్పించి తీసుకురా.

నాకు పట్టింపుల మీద నమ్మకం లేదు. అయినా నీళ్ళ మీద పేర్లు చదవకు. ఎందుకంటే చెప్పలేను. చదవకు, అంతే.

ప్రేమతో, కోపంతో,
రూబీ


మన లంక నుంచి,
గురువారం

ప్రియమైన అక్కకి,

నీ మాట వచ్చేలోపే చదివేశాను. పని చేసింది. ఎలా పని చేసిందో చెబితే నీకు నచ్చదు.

కిక్కిస దాటాక సిగ్నల్ ఉండదు, నీకు తెలుసు. ఆ రోజు మాటల్లో పడి దాటిపోయాను. ఫోన్లో ఒక్క గీత లేదు. లైవ్ మాత్రం ఆగలేదు. "నరసరాజు చేరారు" అని పడింది. "నరసరాజు గారూ, నమస్కారమండీ!" అన్నాను. తర్వాత "సుగుణ చేరారు." ఆవిడకీ పెట్టాను నమస్కారం. మొదటిరోజే ఇంతమంది కొత్తవాళ్ళా అని ఒకటే సంబరం.

గట్టెక్కేసరికి టీ బడ్డీ దగ్గర, మా షెడ్డువాడి ఫోన్లో నా లైవ్ విన్న పెద్దవాళ్ళంతా లేచి నిలబడి ఉన్నారు. "ఒరేయ్, ఏ నరసరాజుని పిలిచావురా? ఉప్పుటేరులో పడవ మునిగి పోయారే, ఆయన్నా?" అన్నారు. సుగుణ గడ్డి కోసుకురావడానికి వెళ్ళి దొరకని మనిషట. లోకంలో ఒకే పేరు ఎంతమందికుండదు అని వాళ్ళ మీద ఎగిరాను. మర్నాడు "వెంకటసాయి చేరారు" అని పడింది. పిలిచాను. నీళ్ళలో పోయిన కుర్రాడట, అవతలి లంకలో వాడి తల్లి చూస్తోందట. రొప్పుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇంకోసారి పిలు బాబూ, ఇంకొక్కసారి." మళ్ళీ పిలిచాను. రాలేదు.

ఇప్పుడర్థమైంది. ఎవరి పేరైనా ఒక్కసారే వస్తుంది. పిలవగానే తెర మూల ఉన్న చూసేవాళ్ళ అంకె ఒకటి తగ్గుతుంది. పిలిపించుకోవడానికే వస్తున్నారు, పిలిపించుకుని పోతున్నారు. అంతే. కీడేమీ చెయ్యట్లేదు.

నలుగురు కాస్తా వందలయ్యారు. అన్ని లంకలవాళ్ళూ చూస్తున్నారు. గూడబాతుల్ని ఎవడూ చూడట్లేదనుకో, తమవాళ్ళ పేరు కోసం చెవులు పెట్టుకుని వింటున్నారు. షెడ్డులో షావుకారు కూడా "వెస్లీ, మా బాబాయి పేరు వస్తే చూడు" అన్నాడు.

అమ్మకి చదువు రాదుగా, పక్కింటి దేవకుమారి వదిన ఫోన్లో నా గొంతు వింటుంది. "నాన్న పేరు కోసమా?" అని అడిగాను. "రాకూడదని వింటన్నానురా. రానన్నాళ్ళూ ఆయన ఉన్నట్టే" అంది. రోజూ లైవ్ అయ్యాక "ఇవాళా రాలేదు" అని నవ్వుకుని ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటోంది. కాబట్టి నువ్వు కంగారు పడకు.

నీ తమ్ముడు,
వెస్లీ


ఏలూరు,
ఆదివారం

ప్రియమైన అబద్ధాలకోరుకి,

ఇవాళ ఆరాధన నుంచి వస్తూ సుష్మిత వాళ్ళింట్లో ఆగాను. దాని ఫోన్లో నీ లైవులన్నీ వరసగా చూశాను.

"ఏసోబు చేరారు."

మొదటిరోజు నుంచీ ఉందిరా ఆ పేరు. నరసరాజు గారికీ సుగుణ గారికీ మధ్యలో. పైపేరు చదివావు, దగ్గావు, కిందపేరు చదివావు. మర్నాడూ అంతే. "అన్నా, ఒక పేరు వదిలేశావు" అని ఎవరో రాశారు కూడా. దానికీ దగ్గావు. దేవకుమారి వదినా చూసే ఉంటుంది, అమ్మకి చెప్పలేక ఊరుకుని ఉంటుంది.

ఎవడో ఆకతాయి పనేమో అనుకుని నాన్న పేరు పక్కనున్న గుండ్రటి బొమ్మ చూశాను. మట్టినీళ్ళు. ఫొటో అంది సుష్మిత. కాదు. దగ్గరగా పెట్టుకుని చూస్తే ఆ నీళ్ళు కదులుతున్నాయి. సుష్మిత ఫోను మంచం మీద పడేసి వాళ్ళమ్మ దగ్గరికి పోయి కూర్చుంది.

మిగతావాళ్ళు పిలవగానే పోతున్నారని నువ్వే రాశావు. నాన్న పోవట్లేదు. నువ్వు లైవ్ కట్టేసేదాకా అక్కడే ఉంటున్నాడు, పిలుస్తావేమోనని. నీకు జనం కావాలి, అమ్మకి "ఇవాళా రాలేదు" కావాలి. మీ ఇద్దరి మధ్యా ఆయన్ని నీళ్ళలో నిలబెట్టేశారు. కన్నకొడుకువేనా?

అమ్మకి నిజం చెప్పు. నాన్న పేరు పైకి చదువు. ఆయన్ని వెళ్ళనీ. ఆ తర్వాత అమ్మ ఏడ్చినా, తిట్టినా, తాళం వేసి ఏలూరు తీసుకురావచ్చు. నాకు పరీక్షలు, ఈ వార్డెన్ సెలవివ్వదు, లేకపోతే నేనే వచ్చి నీ చెవి పట్టుకుని చదివించేదాన్ని.

ఒక్కటి. అమ్మని దోనె మాత్రం ఎక్కించకు.

నీ అక్క,
రూబీ


మన లంక నుంచి,
సోమవారం

ప్రియమైన అక్కా,

నువ్వు తిట్టినవన్నీ నిజమే. ఉత్తరం చదివిన పూటే అమ్మకి చెప్పాను. చేపలు తోముతోంది. "అమ్మా, నాన్న పేరు వస్తోంది. నేనే చదవట్లేదు" అన్నాను. చేతులు కడుక్కుంది.

"రోజూనా?"

"రోజూ."

"ఈ ఎండలోనా?" అంది. జుట్టు ముడేసుకుని "పద" అంది. దోనె ఎక్కొద్దు, అక్క వద్దందన్నాను. "దాన్ని నర్సయ్యాక చెప్పమను" అంది.

మిట్టమధ్యాహ్నం. కిక్కిస దాటాం. ఆకు కదలట్లేదు. లైవ్ పెట్టగానే అందరికంటే ముందు నాన్న పేరే పడింది. నోరు తెరిచాను. అమ్మ చేత్తో నా నోరు మూసేసింది. "కన్నతండ్రిని పేరు పెట్టి పిలుస్తావంట్రా, సిగ్గులేదూ? ఇలా తే."

ఫోను రెండు చేతులా పట్టుకుంది. పైట సర్దుకుంది. పిలిచింది.

"ఏవండీ!"

అక్కా, నాకప్పుడు తట్టలేదు. అది నాన్న పేరు కాదు. ఎవరి పేరూ కాదు. ఈ లంకలన్నిటిలో ప్రతి ఆడమనిషీ తన మొగుణ్ణి పిలిచే పిలుపు అదొక్కటే.

తెర మీద "ఆఁ" అని పడింది. దాని కింద ఇంకో "ఆఁ". ఆ కింద "ఏంటే". "ఇక్కడే ఉన్నా." "వస్తన్నా." చదివేలోపు ఒకదాని మీద ఒకటి ఎక్కిపోతున్నాయి. మూల ఉన్న అంకె పరిగెడుతోంది. నేను కలలు కన్న అంకె. చూడలేక ఫోను లాక్కుని ఆపేశాను. గొంతులు ఆగలేదు. అవి ఫోన్లోంచి రావట్లేదు.

అమ్మ మాత్రం దోనె అంచు మీదికి వంగి, నీళ్ళకి చెవి పెట్టి వింటోంది. "ఈయన కాదు. ఈయనా కాదు." ఉన్నట్టుండి ముఖం విప్పారింది. "అదిగో!" అని, నేను ఆపేలోపే, గుమ్మంలో నిలబడ్డ మనిషితో అన్నట్టు అనేసింది. "ఎంతసేపుంటారక్కడ? ఇంటికి రండి."

రండి. ఒక్క మనిషిని మర్యాదగా పిలిచినా ఆ మాటే, వందమందిని పిలిచినా ఆ మాటే. అందరూ వచ్చారు.

మర్నాడు పొద్దున దేవకుమారి వదిన "ఏవండీ, కాఫీ" అంటే మంచం మీంచి అన్నయ్యా, దొడ్లోంచి ఇంకెవరో, ఇద్దరూ "ఆఁ" అన్నారు. వదిన గ్లాసు వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. సాయంత్రానికి ఏ ఇంట్లో చూసినా ఇదే. ఇప్పుడు లంకలో ఆడవాళ్ళంతా మొగుళ్ళని పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఒక ముసలాయన, పెళ్ళాం తన పేరెత్తిందని అలిగి అన్నం మానేశాడు.

మొగుళ్ళని నీళ్ళకిచ్చినవాళ్ళు మాత్రం గట్టుకొచ్చారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నోటితో అనని పేరుని ఒక్కొక్కరూ నీళ్ళకేసి అన్నారు. కొంతమంది సగంలో ఆగి, మళ్ళీ మొదట్నుంచి అన్నారు. పేరు పూర్తవగానే ఒక గొంతు తగ్గేది. అలా అందరూ వెళ్ళిపోయారు. లంక మళ్ళీ మామూలుగా ఉంది, మనిల్లు తప్ప.

అమ్మ ఆ పేరెత్తదు. "ఒక్కసారి అనమ్మా, నాన్న హాయిగా వెళ్ళిపోతాడు" అన్నాను. "అందుకేగా అననిది" అంది. ఆస్పత్రికి రమ్మంటే, ఆయన్ని ఒక్కర్నీ వదిలి ఎలా వస్తానంటోంది. అప్పుడు వస్తారని కదల్లేదు, ఇప్పుడు వచ్చారని కదలట్లేదు. ముద్ద నోట్లో పెట్టుకునేముందు దొడ్డివైపు తిరిగి "ఏవండీ, తిన్నారా?" అంటుంది. "ఆఁ" అని వస్తుంది. అప్పుడు తింటుంది.

పోనీ నేనే పేరెత్తి పంపించేద్దామని దొడ్డి గుమ్మం దాకా వెళ్ళాను. కోపంతోనే వెళ్ళాను, నీళ్ళ మీద, ఆఫీసువాళ్ళ మీద, నా మీద. ఆరేసిన వలల కింద నేలంతా తడి. వలలు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. పేరెత్తకుండానే వెనక్కొచ్చేశాను.

నిన్న ఆరాధన అయ్యాక పాస్టర్ గారు వచ్చారు. "యేసమ్మగారూ, ఇప్పటికైనా అన్నయ్యగారి కూడిక పెట్టుకుందామమ్మా. ఏ రోజైతే బాగుంటుంది?" అని మెల్లగా అడిగారు. అమ్మ మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చి, దొడ్డి తలుపు వైపు తిరిగింది.

"ఏవండీ, మీ కూడిక ఎప్పుడు పెట్టమంటారు?"

పాస్టర్ గారి గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. వలల కింద నీళ్ళు ఓడుతున్న చప్పుడు. కాసేపటికి, తీరిగ్గా, "ఆఁ... తొందరేముందే" అని వినిపించింది.

అమ్మ నవ్వింది. పాస్టర్ గారు బైబిలు చంకలో పెట్టుకుని, చెప్పులు వదిలేసి వెళ్ళిపోయారు.

నాన్న గొంతే అక్కా. పరీక్షలు పోతే పోయాయి, మొదటి బస్సుకి రా. వచ్చి నాన్న పేరెత్తుతావో, అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని వింటావో నీ ఇష్టం. నాకు రెండూ చాతకావట్లేదు.

నీ కోసం గట్టు మీదే ఉంటాను,
వెస్లీ