కొండమీది రూటర్లకు పడిన తాళం

పనసగూడ,
సెప్టెంబరు నెల, ఆదివారం.

చిరంజీవి సుజానాకు,

మీ అమ్మ లూర్దమ్మ ఏసు మరియల పేర దీవించి రాసేది. దేవుని దయవల్ల నేనూ నాన్నా తింటూ తిరుగుతూ బాగానే ఉన్నాం. నువ్వూ, నీతోపాటు సిస్టర్లు కావడానికి శిక్షణలో ఉన్న నోవిషియేట్ పిల్లలూ, మదర్ సుపీరియర్ గారూ అలాగే ఉన్నారని తలుస్తాను.

గుంటూరులో సెప్టెంబరులో కూడా చెమట కారిపోతోందని రాశావు. ఇక్కడ నేను రగ్గు కప్పుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నాన్న మోకాలి గురించి అడిగావు. నొప్పి తగ్గింది గానీ తగ్గిందని ఒప్పుకోడు. ఒప్పుకుంటే తోటలో కలుపు తీయమంటానని భయం. కాఫీ ఈసారి కాయ బాగా పట్టింది. నీ మేకను అమ్మలేదు. అది ఈనింది కూడా. అంగన్‌వాడీ పిల్లలు దాని పిల్లల్ని ఎత్తుకుని ముద్దులాడుతుంటే వాళ్లకు పద్యాలు నేర్పడం నా వల్ల కావడం లేదు.

ఇక రూటర్ల సంగతి. "పని చేస్తున్నాయా అమ్మా?" అని ఒక్క ముక్క అడిగి, కింద జవాబు కూడా నువ్వే రాసేసుకున్నావు. కంపెనీలు సోర్స్ కోడ్ ఇవ్వడం మానేస్తున్నాయట. కాలేజీ స్నేహితురాలు నిన్ను చూడటానికి వచ్చి చెప్పిందట. మన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే రోజులు అయిపోయినట్టేననీ, కంపెనీ వాళ్లు ఇచ్చేది తీసుకోమనీ, నీ గురించి మొహమాటపడొద్దనీ రాశావు. అంత తొందర పడకు తల్లీ. జరిగింది వరుసగా చెబుతాను.

మే నెలలో మెట్టమీద పిడుగు పడింది. పై ఊరు ఎగువపుట్టుకు పోయే దారిలో, మఠానికి వెళ్లకముందు నువ్వు ఊరికీ ఊరికీ ఫోన్ మాట అందేలా వెదురు గడలకు కట్టిన రూటర్లు మాడిపోయాయి. కాఫీ రైతుల సంఘానికి ఇప్పుడు ఫల్గుణ అధ్యక్షుడు. ఎగువపుట్టులో మిరియాల తోట ఉన్నాయన. విశాఖపట్నం వెళ్లి అదే కంపెనీవి, అదే పేరువి కొత్తవి తెచ్చాడు. పెట్టె మీద బొమ్మతో సహా అన్నీ అవే. చర్చి గంటగదిలో కూర్చుని నీ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే తీసుకోలేదు. మళ్లీ పెట్టాం. మళ్లీ తోసేసింది. దుకాణానికి ఫోన్ చేస్తే, "కొత్త మోడల్ అమ్మా, కంపెనీ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకోటి ఎక్కదు. కోడ్ కూడా బయట పెట్టడం మానేశారు" అన్నాడు. మనం కొన్న వస్తువుకు వేరేవాళ్లు తాళం వేసి, తాళంచెవి వాళ్ల దగ్గరే పెట్టుకున్నారన్నమాట.

నెల తిరక్కుండా ఆ కంపెనీ సరుకు అమ్మే మనిషి ఒకాయన జీపులో వచ్చాడు. చర్చి వరండాలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఎగువపుట్టులో ముందు ఉచితంగా పెట్టి చూపిస్తాడట. నచ్చితే ఊళ్లన్నిటికీ వాళ్లవే పెడతాడట. అప్పుడు మన పాతవన్నీ తీసేయాలి. చెడ్డ మనిషి కాదు, ఓపిగ్గా అన్ని ప్రశ్నలకూ జవాబిచ్చాడు. పెట్టి చూపించాడు కూడా. ఎగువపుట్టులో సినిమాలు ఆగకుండా ఆడాయి. నీవి అలా ఆడేవి కావు, నిజం చెప్పుకోవాలి.

ఫల్గుణకు మనసు అటే లాగింది. "మరేటి సేద్దుమమ్మా? నీ గుంట సుజానా ఉంటే సూసుకునేది. ఇప్పుడెవులు సూత్తారు?" అన్నాడు. 

జులైలో వాన పట్టుకుంది. ఘాట్‌లో కొండచరియ విరిగి ఇంటర్నెట్ కేబులు తెగింది. ఆ మర్నాడు పొద్దున్నే ఎగువపుట్టులో గంగకు నొప్పులు మొదలయ్యాయి. ఫల్గుణ తమ్ముడి భార్యే, తొలిచూలు. వాళ్లు ఫోన్ తీస్తే కంపెనీ పెట్టెల్లో ఎర్రలైటు. విశాఖపట్నంలో ఉన్న వాళ్ల కంప్యూటరు అందకపోతే ఆ పెట్టెలు పక్కింటికి కూడా మాట మోయవట. గంగ పెనిమిటి వానలో మన ఊరిదాకా పరిగెత్తుకుని వచ్చాడు.

"పిన్నీ, నర్సమ్మకి బేగి సెప్పు! ఆడమనిషి తట్టుకోలేకపోతంది!"

మన ఊరి రూటర్లు నీవి కదా. బయట లైను తెగినా ఊరికీ ఊరికీ మధ్య పలుకుతున్నాయి. కింద సబ్‌సెంటర్‌లో కృపావతి నర్సమ్మ మొదటి రింగుకే ఎత్తింది. "డోలీ కట్టి రోడ్డుకి దింపండి, నేను జీపుతో ఎదురొస్తా" అంది. గెడ్డ వాగు దాటేటప్పుడు మోసేవాళ్ల నడుముల దాకా నీళ్లు. నేను పక్కనే నడుస్తూ గంగ చెయ్యి వదల్లేదు. ఆసుపత్రికి పోతుంటే జీపులో సగం దారిలోనే ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. కృపావతి వీపు రుద్ది రుద్ది ఏడిపించింది. ఆ ఏడుపు విన్నాక పిల్లను నా ఒళ్లోకి తీసుకుని పొడిగుడ్డలో చుట్టాను.

తర్వాతి మీటింగులో ఫల్గుణ లేచి ఒకటే మాట అన్నాడు. "మా ఊరి మాట పక్కూరికి పోడానికి ఇశాకపట్నం పెర్మిషనేటి? ఆ పెట్టెలు అట్టుకుపొమ్మని సెప్పండి." కంపెనీ మనిషి వచ్చి విప్పుకుపోయాడు. పోతూ, "పాతవి ఎన్నాళ్లు వస్తాయమ్మా?" అని అడిగాడు. అది నిజమైన ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కుంటూనే నేనూ నాన్నా అరకు లాడ్జీల చుట్టూ తిరిగాం.

టూరిస్టుల కోసమని లాడ్జీలవాళ్లు ఏడాదికోసారి కొత్త రూటర్లు పెట్టుకుంటున్నారు. తాళం రాకముందు కొన్న పాతవి స్టోరు గదుల్లో ఉల్లిపాయ బస్తాల వెనక పడున్నాయి. అడిగితే కాదన్నవాళ్లు లేరు. ఒక మేనేజరైతే, "ఇవేం చేసుకుంటారమ్మా, చెత్త" అన్నాడు. "ఇవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి బాబూ" అన్నాను. నవ్వి, ఇంకో సంచి నింపి ఇచ్చాడు.

మొదటిదానికి సాఫ్ట్‌వేర్ నేనే ఎక్కించాను. నువ్వు ఫోన్‌లో తీసిపెట్టిన వీడియో ముందు పెట్టుకుని, నువ్వు చెబుతుంటే ఆపుకుంటూ చేశాను. నాన్న కరెంటు పోకుండా బ్యాటరీ పట్టుకు కూర్చున్నాడు. మధ్యలో లైట్లన్నీ ఆరిపోయాయి. "సంపేసేవే దాన్ని" అన్నాడు. నేను కదల్లేదు. కాసేపటికి పచ్చలైటు మినుక్కుమంది. ఇప్పుడు ఎగువపుట్టు మళ్లీ పలుకుతోంది. సినిమా ఆగి ఆగి ఆడుతుంది, అంతే.

పాతవి ఎల్లకాలం రావని మాకూ తెలుసు. పాడేరు దగ్గరా, మారేడుమిల్లి దగ్గరా మనలాగే నడుపుకుంటున్న సంఘాలున్నాయి. కృపావతి ద్వారా వాళ్లతో మాట కలిపాం. కోయంబత్తూరులో ఒక చిన్న కార్ఖానా ఉందట. సోర్స్ కోడ్ దాచకుండా రూటర్లు చేస్తుంది. ఒక్క ఊరి కోసం చేయలేనన్నారు. మూడు చోట్లవాళ్లం కలిసి అడిగితే ఒప్పుకున్నారు. కోడ్ పెట్టెతోపాటే ఇస్తామనీ, తాళం వెయ్యబోమనీ సంతకం పెట్టారు. మొదటి విడత మొన్న మంగళవారం దిగింది. నీ సాఫ్ట్‌వేర్‌ను కిక్కురుమనకుండా తీసుకున్నాయి. పెద్ద కంపెనీలు తలుపులు మూసుకుంటే మూసుకోనీ. తెరిచి ఉంచేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారు. మనం పదిమందిమి కలిసి వెళ్లి అడగాలి, అంతే. రోజులు అయిపోయాయని నీ స్నేహితురాలు అంటే, పనసగూడ వచ్చి చూడమను.

ఇక ఇన్నాళ్లూ రాయని మాట ఒకటి ఉంది. ఇది నాన్నకు కూడా చెప్పలేదు.

ఆ కొత్త రూటర్లు నీ సాఫ్ట్‌వేర్‌ను తోసేసిన రోజు, అందరూ దిగాలుగా కూర్చున్నారు. నాకు మాత్రం కడుపు చల్లబడింది. ఇక నా బిడ్డను పిలవక తప్పదు, ఈ వంకతో వచ్చి మళ్లీ వెళ్లదు అనుకున్నాను. ఊళ్లోవాళ్లు, "లూర్దమ్మా, గుంటని పిలిపించెయ్" అన్నప్పుడల్లా నాకు తేనె తాగినట్టుండేది. ఫాదర్ గారిని అడిగి మఠం నంబరు తీసుకున్నాను. ఫోన్ కూడా చేశాను.

మదర్ గారే ఎత్తారు. వెనక మీరంతా పాట నేర్చుకుంటున్నారు. నీ గొంతు ఏదో పట్టుకుందామని చెవి రిక్కించి విన్నాను. పట్టుకోలేకపోయాను, సుజానా. అన్ని గొంతులూ ఒక్కటిగా ఉన్నాయి. "ఏమైనా చెప్పాలా అమ్మా?" అని మదర్ గారు అడిగారు. "పిల్లలు బాగున్నారా అని తెలుసుకుందామని" అన్నాను. ఫోన్ పెట్టేసి గంటగది మెట్టు మీద కూర్చుని, తనివితీరా ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని లోపలికి వెళ్లి, నీ వీడియో మొదటినుంచి పెట్టాను. చూడటానికి కాదు, నేర్చుకోవడానికి.

డిసెంబరులో నువ్వు సిస్టరుగా దేవునికి మాట ఇచ్చే మాటపట్టుకు వస్తావా అమ్మా అని రెండు ఉత్తరాల్లో అడిగావు. నేను రెండుసార్లూ దాటేశాను. వస్తాను. నాన్నా నేనూ ముందురోజే బయల్దేరి వస్తాం. గంగ కూడా పిల్లను ఎత్తుకుని వస్తానంటోంది. ముందు వరసలో కూర్చుంటాం. నువ్వు మాట ఇచ్చేటప్పుడు తలెత్తి ధైర్యంగా ఇవ్వు. ఇంట్లో ఎవరో నీకోసం ఎదురు చూస్తున్నారన్న బెంగ పెట్టుకోకు. మాకు చేతినిండా పని ఉంది.

చలికాలం వస్తోంది, దుప్పటి జాగ్రత్త. మదర్ గారికి మా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
నిన్ను మనసారా పంపిస్తున్న
మీ అమ్మ,
లూర్దమ్మ