గాలివాన నాటి కూత

మీకు,

ఇల్లు క్షేమం, నేను క్షేమం. కరెంటు ఒక్కటే లేదు. మీరు పోయి ఈ వైశాఖానికి రెండేళ్లు. ఇవాళ మధ్యాహ్నం వచ్చిన గాలివానకు ఆబిడ్స్ దుకాణాల నుంచి మన నాంపల్లి దాకా తీగలన్నీ తెగాయి. వేపచెట్టొకటి పట్టాల మీద పడి, మీరు డ్రైవరుగా నడిపిన సాయంత్రం బండి సరిగ్గా మన ఇంటి వెనక ఆగిపోయింది.

ఇంజను దిగి మంచినీళ్లకు వచ్చింది ఎవరనుకున్నారు? మీ దగ్గర బొగ్గు వేసిన యాదగిరి. ఇప్పుడు తనే డ్రైవరు. చెంబెడు నీళ్లు తాగి, చీకటి వంటింట్లోకి తొంగి చూశాడు.

"ఏందక్కా, ఇంకా పొయ్యి ముట్టియ్యలే?"

"బండి కూత పెట్టలేదు కదా తమ్ముడూ!"

ఇన్నేళ్లూ మీ కూత వినే ఎసట్లో బియ్యం పోశాను. మీరు స్టేషన్లో బండి అప్పగించి వచ్చేసరికి అన్నం పొగలు కక్కాలి, లేకుంటే మొహం గంటు పెట్టుకునేవారు. మీ తర్వాత కూడా కూత ఆగకపోతే, అది రైల్వే కాయిదా, వాళ్ల నియమం అనుకున్నాను. అదే అడిగాను.

యాదగిరి తల గోక్కున్నాడు. "కాయిదా ఏం లేదక్కా. కూత ఇనకుంటే నువ్వు వండుకోవని అన్న దవాఖానల చెప్పిండు. గీ బండి నడిపేటోళ్లందరికి నేనే చెప్పిన."

దవాఖానలో నాతో మాత్రం దుప్పటి సరిగ్గా కప్పలేదని పోట్లాడారు!

చెట్టు తీశాక బండి కదిలింది. నేను కిటికీలో, యాదగిరికి కనబడేలా నిలబడే ఉన్నాను. అయినా కూత పెట్టాడు.

వెళ్లి పొయ్యి ముట్టించాను.