అన్నీ మంచి కాయలే

మంగళవారం, రాత్రి

పొద్దున కుప్పం వ్యాపారి లోడు వాపసు పంపినాడు. అంతా మచ్చకాయేనంట. ఏ రైతు కాయ ఏ వ్యాపారికి పంపాలో ఏఐ చెప్తాదని, మా టమాటా మండీ పాత పుస్తకాలన్నీ నెల్లాళ్లు కూర్చోని నేనే దానికి ఎక్కించినాను. అది చెప్పినట్టే ఈ లోడు పంపినాము. అది మాత్రం ఏం జేస్తాది? పుస్తకాల్లో ప్రతి రైతు పేరు పక్కనా "మంచి కాయ" అనే ఉండాది.

ఆ పుస్తకాలు రాసిన నాయనని అడిగితే కస్సుమన్నాడు. "రైతు ఎదురుగా నిలబడుంటే బాగలేదని ఎట్ల రాస్తామమ్మా? వ్యాపారి చెవిలో చెప్పేవాణ్ణి."

చెవిలో చెప్పింది యాడా రాసి లేదు. పోనీ, ఇద్దరం కూర్చోని దిద్దుదామంటే ఏది నిజంగా మంచి కాయో ఆయనకే గుర్తు లేదు. ఇన్నేండ్ల పుస్తకాలు, దేనికీ పనికి రావు.

ఇంకమీదైనా ఉన్నదున్నట్టు రాయాలని గట్టిగా అనుకున్నాను. మధ్యాన్నం పుంగనూరు నుంచి గంగులప్ప కాయ తెచ్చినాడు. సగం క్రేట్లలో మచ్చలే. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకోని, నా పెన్నునే సూస్తా నిలబడినాడు.

"ఏం రాస్తాండావమ్మా?"

"మంచి కాయే అప్పా" అన్నాను. అదే రాసినాను.