చదివేవాడు లేడనుకునే కంప్యూటరు గురించి

గ్రంథాలయ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

మా అమ్మాయికి పాప పుట్టిందండి. పెళ్ళయిన పదకొండేళ్ళకు. మూడు కిలోల బరువు, తల్లీ బిడ్డా క్షేమం. అర్జీలో ఇది ముందు రాయకూడదని తెలుసును గాని చెయ్యి ఆగలేదు.

విషయం: తమ గ్రంథాలయములోని మూడు కంప్యూటర్లు మాటిమాటికీ పాస్‌వర్డు అడుగుట, అందువల్ల ఉత్తరము సగములో ఆగిపోవుట గురించి.

మా అమ్మాయికీ అల్లుడుగారికీ వినపడదు. అందుచేత ఫోన్లో మాటలుండవు. అల్లుడుగారు కంప్యూటరులో ఉత్తరం పంపుతారు. నేను ఇక్కడికి వచ్చి, చదివి, కాగితం మీద ఎక్కించుకుని, తుంటి విరిగి మంచం మీదున్న మా ఇంటావిడకు వినిపిస్తాను.

1. కిటికీ పక్కది అయిదు నిమిషాలు ముట్టుకోకపోతే తాళం వేసుకుంటున్నది. నాది అయిదో తరగతి చదువు. వేలు పెట్టి కూడబలుక్కుని, ఒక్కో ముక్కా రాసుకుని తలెత్తేసరికి ఉత్తరం ఉండదు, పాస్‌వర్డు గడి ఉంటుంది. బల్ల దగ్గరి అమ్మాయిగారిని అడిగితే, "మౌసు కదుపుతూ ఉండాలి తాతగారూ. లేకపోతే మీరు వెళ్ళిపోయారనుకుంటుంది" అన్నది.

"దాని ఎదురుగానే ఉన్నాను కదమ్మా."

"అది చూడదు కదండీ."

"చూడనిదానికి అంత అనుమానం ఎందుకమ్మా?"

పాపం, నవ్వి, తన పని వదిలి వచ్చి తనే కదిపింది.

2. నడిమిదాని పద్ధతి వేరు. పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. పడలేదనుకుని మళ్ళీ కొడితే, రెండూ కలిపి తప్పంటుంది.

3. గోడ వైపుది లోపలికి రానిస్తుంది. ఉత్తరం అచ్చు తీయబోతే మాత్రం మళ్ళీ పాస్‌వర్డు. అదీ నాది చెల్లదట, తమరిది కావాలట.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు లిఫ్టు నడిపినవాణ్ణి. ఎక్కినవారిని ఎన్నో అంతస్తని అడిగాను గాని, మీరెవరని అడగలేదు. అంతస్తు అంతస్తుకీ అసలే అడగలేదు.

నిన్న ఉత్తరంలో "పాపకు పెట్టిన పేరు" అన్నదాకా రాసుకున్నాను. తాళం పడింది. ఆదుర్దాలో నడిమిదాని దగ్గరికి పోయాను. మూడు తప్పులయ్యాయి, నా ఖాతాయే మూసుకుపోయింది. తమరు తెరిస్తే గాని మూడింట్లో ఏదీ తెరుచుకోదట.

ఇంట్లో అడుగు పెట్టగానే ఆవిడ, "పేరేం పెట్టారట?" అన్నది. సగం ఉత్తరం తెచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. "మీ అమ్మ పేరే" అన్నాను.

"ఏదీ, మళ్ళీ చదవండి."

కాగితం చూస్తూ చదివినట్టు మళ్ళీ చెప్పాను. అప్పటినుంచి మంచంలో ఆ పేరు పెట్టి పిలుచుకుంటున్నది. నాకు ముద్ద దిగడం లేదు.

కావున తాళము పడు గడువు అరగంటకు పెంచవలెనని, అచ్చు తీసుకొననివ్వవలెనని, అన్నిటికన్నా ముందు నా ఖాతా తెరిపించవలెనని కోరుచున్నాను. ఈ ముసలివాని మొర వీలైతే ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విశ్రాంత లిఫ్టు ఆపరేటరు

తా.క. అసలు పేరు తెలియగానే చెప్పవలసినవారు: మా అన్నయ్యగారు, వదినగారు (గట్టిగా చెప్పాలి). నా తోడల్లుడు (ఆరేళ్ళుగా మాటల్లేవు, అయినా చెప్పాలి). మేనత్తగారి కూతుళ్ళు ముగ్గురూ. మా బావమరిది (ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసి తమ అమ్మ పేరని చెప్పేసింది. పెద్దవాడు, ఏడ్చాడట). చివరగా మా ఇంటావిడ. ఆవిడకు నేనే చెప్పుకుంటాను, పక్కన కూర్చుని.